మేస్త్రి వాచీ మీద గీతలు

పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మేస్త్రమ్మ కోడలితో ఒక అబద్ధం ఆడింది. కళ్లజోడు బిగువైందని, కొట్టుకి వెళ్లి సరిచేయించుకొస్తానని చెప్పింది. అబద్ధాలు అలవాటు లేని మనిషి కాబట్టి అవసరమైనదానికంటే రెండు మాటలు ఎక్కువే చెప్పింది. ముక్కు మీద పుండు పడేలా ఉందంది. రాత్రంతా నిద్ర పట్టలేదంది. కళ్లజోడు పెట్టుకుని ఎవరు పడుకుంటారని కోడలు అడగలేదు. బట్టలు ఆరేసే హడావిడిలో ఉండి, మబ్బు పట్టింది గొడుగు తీసుకెళ్లండి అత్తయ్యా అని మాత్రం అంది.

మేస్త్రమ్మ గొడుగు తీసుకుంది. భుజాన ఉన్న సంచిలో, అడుగున, చేతిరుమాల్లో చుట్టి భర్త వాచీ ఉంది.

ఆయన పోయి ఏడాది దాటింది. కార్లకి సొట్టలు తీసి రంగు వేసే షెడ్డు ఆయనది. తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవారు. ఏనాడూ రంగు డబ్బా మూత తీసిన పాపాన పోకపోయినా, ఆయన్ని కట్టుకున్నందుకు ఈవిడ మేస్త్రమ్మ అయింది. షెడ్డు ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు.

ఇక ఆ వాచీ సంగతి. అలాంటి వాచీ కట్టుకునేవాళ్లు మామూలుగా మేస్త్రి షెడ్డుకి కారులో వచ్చేవాళ్లే గానీ, షెడ్డులో పనిచేసేవాళ్లు కారు. ఒక పెద్దమనిషి తన తండ్రి నడిపిన పాత కారుని, తుప్పు పట్టి కొన ఊపిరితో ఉన్నదాన్ని, బండి మీదేసుకుని తెచ్చి మేస్త్రికి అప్పగించాడు. మేస్త్రి దానికి మళ్లీ ప్రాణం పోశాడు. కారు చూసి ఆ పెద్దమనిషికి కళ్లనీళ్లు ఆగలేదు. కూలి ఎటూ ఇచ్చాడు, అది చాలదనిపించి, మణికట్టు మీది వాచీ విప్పి మేస్త్రి చేతికి తొడిగాడు.

ఇంటికొచ్చాక మేస్త్రి ఆ వాచీని వెలుగులో తిప్పి తిప్పి చూసి మొహం చిట్లించాడు. దాని నిండా గీతలు. "ఇవి ఆయన గీతలు. మనకెందుకు?" అన్నాడు. ఆ ఆదివారం వసారాలో కూర్చుని, కార్ల రంగు నున్నగా చేసే సన్నటి వాటర్ పేపరు తడిపి రుద్ది, మెరుగు ముద్ద పూసి, మెత్తటి గుడ్డతో మళ్లీ రుద్ది, ఒక్కొక్క గీతే తీసేశాడు. విన్నవాళ్లు గుండెలు బాదుకున్నారు. అంత ఖరీదైన వాచీని బంపరు తోమినట్టు తోముతారటయ్యా అన్నారు. వాళ్ల మాటలోనూ కొంచెం నిజం ఉంది. పట్టీ తగిలేచోట ఒక మూల మీద ఆయన చెయ్యి కాస్త ఎక్కువే ఆడింది. పదునుగా ఉండాల్సిన అంచు అరిగి గుండ్రంగా తయారైంది.

ఆ మూల పట్టుకుని మేస్త్రమ్మ ఆయన్ని చాన్నాళ్లు ఏడిపించింది. గీత తీయడం ఎవడైనా తీస్తాడు, ఎక్కడ ఆపాలో తెలియడమే పనితనం అని పనివాళ్లకి నీతులు చెప్పే మనిషి, తన వాచీ దగ్గరికొచ్చేసరికి ఆపలేకపోయాడే అని. ఆయన నవ్వి ఆ మూలని బొటనవేలితో తడుముకునేవాడు. పోను పోను అదొక అలవాటైపోయింది. ఎవరితోనైనా మాట్లాడుతున్నా, దేని గురించైనా ఆలోచిస్తున్నా బొటనవేలు అక్కడికే పోయేది.

ఆ తర్వాత ఆ వాచీ మీద గీత పడనిస్తే ఒట్టు. ఆదివారాలు, ఎవరింటికైనా వెళ్లినప్పుడు మాత్రమే కట్టేవాడు. పనికి వెళ్లేటప్పుడు బీరువాలో గుడ్డసంచిలో పెట్టేసేవాడు. అలాంటి వాచీ ఇప్పుడు అడ్డదిడ్డంగా గీతలు పడి, గోళ్లతో రక్కినట్టుంది. ఆ గీతలన్నీ ఆయన మంచాన పడ్డాక, ఆఖరి నెలల్లో పడ్డవి. ఎలా పడ్డాయో మేస్త్రమ్మ ఒక్కదానికే తెలుసు. తెలియడమే ఆవిడ బాధ.

తెలియనివాళ్లలో మొదటిది కూతురు. చిన్నప్పుడు సెలవులన్నీ షెడ్డులోనే గడిపి, నీళ్ల బకెట్టు పక్కన పీట వేసుకుని కారు తలుపులు రుద్దిన పిల్ల. మేస్త్రి దాన్ని బుల్లి మేస్త్రి అనేవాడు. పెద్దయ్యాక కొట్లకి, ఆఫీసులకి లోపలి అలంకరణలు చేసే పని నేర్చుకుంది. అదే నగరంలో, అవతలి కొసన కాపురం. వాచీ ఇంటికొచ్చింది దాని పెళ్లయ్యాకే. తమ్ముడి షెడ్డుకి ముందు గది ఒకటి కట్టిస్తుంటే, పైసా తీసుకోకుండా తనే దగ్గరుండి చేయించింది. కుర్చీలు, దీపాలు, గోడకి రంగు, అన్నీ దాని ఎంపికే. ఎదురుగోడలో ఒక అద్దాలపెట్టె అమర్చింది. అందులో నాన్న వాచీ పెడతానంది. కింద ఇత్తడి పలక మీద, 'ఇవి గీతలు కావు, మా నాన్న కష్టం' అని చెక్కించింది. ఎల్లుండే ఆ గది తెరవడం.

ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు అందరూ బాగుందన్నారు. మేస్త్రమ్మ కూడా తలూపింది. తలూపి వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి వదిలేసి, ఆ నీళ్ల చప్పుడులో కాసేపు నిలబడింది. అద్దం వెనక దీపం కింద ఆ గీతలు మెరుస్తుంటే వచ్చేపోయేవాళ్లంతా ఆగి చూస్తారు. చూసి మెచ్చుకుంటారు. అది ఆవిడ భరించలేదు. అందుకే ఆ పొద్దున సంచీ, గొడుగూ, అబద్ధమూ.

వాచీల కొట్టాయన భూతద్దం కంటికి పెట్టుకుని చూసి, మెరుగు పెడితే పైపై గీతలు పోతాయని, సాయంత్రానికి ఇస్తానని చెప్పాడు. లోతైన గీత ఒకటుందని, దానికి లోహం ఎక్కువ తీయాల్సి వస్తుందని, కాస్త చూసి ఫోన్ చేస్తానని నంబరు అడిగాడు. మేస్త్రమ్మ ఫోన్ ఎప్పుడూ ఏ దిండు కిందో ఉంటుంది. ఎక్కడ ఏ నంబరు అడిగినా కొడుకుది చెప్పడం ఆవిడకి అలవాటు. ఆ అలవాటుకొద్దీ కొడుకుదే చెప్పింది. చెప్పి రెండు వీధులు దాటాక గానీ, తన గోతిలో తనే పడ్డానని తోచలేదు.

కొట్టాయన ఫోన్ చేశాడు. లోతు గీత కూడా తీసేయమంటారా అని అడిగాడు. ఎల్లుండి కార్యక్రమం కోసం అక్కే మెరుగు పెట్టిస్తోందనుకుని కొడుకు, ఆ ప్రశ్నని ఉన్నదున్నట్టు అక్కకి చేరవేశాడు. అవతల అక్క గొంతు మారిపోయాక, తను నిప్పంటించానని వాడికి అర్థమైంది.

కూతురు మధ్యాహ్నం వచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా విడవకుండా ఇంట్లోకి వచ్చి, చేతిరుమాలు మూట బల్ల మీద పెట్టింది. వెనకే కొడుకు వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కోడలి చేతిలో మడతపెడుతున్న దుప్పటి అలాగే ఉండిపోయింది.

"ఇది కొట్లో ఇచ్చింది నువ్వేనా?" అంది కూతురు.

"నేనే."

"ఇంకొంచెం ఆలస్యమైతే మిషను మీద పెట్టేవాడు. నేను వెళ్లి చేతుల్లోంచి లాక్కున్నట్టు తెచ్చాను. నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?"

చెబితే ఒప్పుకుంటావా అని మేస్త్రమ్మ అనలేదు. మూట వంక చూస్తూ కూర్చుంది. పాతబడింది కదా, మెరుగు పెట్టిస్తే బాగుంటుందనుకున్నానని ఏదో గొణిగింది. కూతురు ఒప్పుకోలేదు. పాతబడటమే దాని విలువ అంది. నాన్న పుట్టెడు చాకిరీ చేశాడు, ఆ చాకిరీ అంతా దాని మీదే ఉంది, ఒక్కొక్క గీత వెనక ఒక్కొక్క కారు ఉండి ఉంటుంది, అది చెరిపేస్తే ఇక ఆయన గుర్తుగా ఏం మిగులుతుంది అంది. బాగానే మాట్లాడుతుంది అది. అలా మాట్లాడే నలుగురిని ఒప్పిస్తుంది. మేస్త్రమ్మకి మాత్రం ఒక్కొక్క మాటా పుండు మీద కారం చల్లినట్టుంది.

"నా మొగుడి వాచీ. నా ఇష్టం." ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడకే అనుమానం వచ్చింది.

కూతురి మొహం ఎర్రబడింది. "అలాగైతే అసలు సంగతి నేను చెప్పనా? నాన్న పోయిన నెల తిరక్కుండా బట్టలన్నీ ఎవరెవరికో ఇచ్చేశావు. ఆయన గదికి తాళం వేశావు. ఎప్పుడు వచ్చినా ఆ గది తలుపు మూసే ఉంటుంది. ఇప్పుడు ఇది. నువ్వు ఆయన్ని మర్చిపోదామని చూస్తున్నావమ్మా. నాకు మర్చిపోవాలని లేదు."

కోడలి నోట్లోంచి అయ్యో వదినా అన్న మాట సగమే వచ్చింది. కొడుకు కాళ్ల కింద నేల వంక చూస్తున్నాడు. తల్లి వైపు మాట్లాడితే అక్కకి కోపం, అక్క వైపు మాట్లాడితే తల్లికి. అడకత్తెరలో పోకచెక్క బతుకు వాడిది చిన్నప్పటినుంచీ.

మేస్త్రమ్మ ఆ కొడుకు వైపే తిరిగింది.

"నువ్వు చెప్పరా. రోజూ పక్కన పనిచేసినవాడివి. మీ నాన్న ఒక్కరోజైనా ఈ వాచీ షెడ్డుకి పెట్టుకొచ్చారా?"

వాడు అక్క వైపు చూశాడు, వాచీ వైపు చూశాడు, చివరికి తలడ్డంగా ఊపాడు.

"నోటితో చెప్పు."

"లేదమ్మా. ఎప్పుడూ పెట్టుకురాలేదు."

కూతురు తమ్ముడి వైపు తిరిగింది. మరి పలక చెక్కించేటప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగింది. వాడు నసిగాడు. నువ్వంత ముచ్చటపడి చేయించావు కదక్కా, వచ్చినవాళ్లకి కూడా వినడానికి బాగుంటుందనుకున్నాను, ఎవరికి నష్టం అనుకున్నాను అన్నాడు. ఎవరికి నష్టమో ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది గానీ, వాడికి ఆ ఊహే రాలేదు. చెడ్డవాడు కాదు. అందరూ సంతోషంగా ఉంటే చాలనుకునేవాళ్లకి ఇలాంటివి కనపడవు.

"మరి ఈ గీతలు ఎక్కడివి?" కూతురి గొంతు తగ్గింది.

ఇన్నాళ్లూ మేస్త్రమ్మ కడుపులో దాచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబే. చెబితే, పిల్లలకి తండ్రి వేరే మనిషైపోతాడు. చెప్పకపోతే, ఆ గీతలు అద్దంలోకి ఎక్కి కూర్చుంటాయి, షెడ్డుకి వెళ్లినప్పుడల్లా తను వాటికి ఎదురుపడాలి. కూతురు వచ్చేది ఆదివారాలే, మంచాన పడ్డ మనిషి గురించి దానికి తెలిసింది అంతే. కొడుకూ కోడలూ మేడ మీద ఉంటారు. రాత్రిళ్లు వాళ్లు వస్తామన్నా ఈవిడే రానిచ్చేది కాదు, ఆయన బాగానే పడుకుంటున్నారు మీరు పొండి అని తలుపు దగ్గరే పంపేసేది. పగలు వాడు షెడ్డులో, కోడలు అప్పట్లో ఉద్యోగంలో. చప్పుళ్లు వినపడి అడిగితే, మంచం జరిపాననో గిన్నె పడిందనో చెప్పేది. మొగుడి గుట్టు కాపాడానని అనుకుంది ఆవిడ.

మేస్త్రమ్మ లేచింది. అలమర వెనక నుంచి తాళంచెవి తీసి, మూసి ఉన్న గది తెరిచింది.

గదిలో కిటికీ, కుర్చీ, ఇనప మంచం. అంతే. ఆ మంచానికి రంగు వేసింది మేస్త్రే. ఏ కారుకో వేయగా మిగిలిన ముదురు నీలం తెచ్చి, కారుకి వేసినంత శ్రద్ధగా వేశాడు. అద్దంలా మొహం కనపడేది. మంచానికి గోడ లేని వైపు పడకుండా కొడుకు ఒక అడ్డకడ్డీ బిగించాడు. దానికీ అదే నీలం. ఆ కడ్డీకి ఒక తువ్వాలు చుట్టి, రెండు కొసలా ముడివేసి ఉంది.

"నువ్వు వచ్చినప్పుడల్లా ఈ తువ్వాలు ఇక్కడే ఉండేది, గుర్తుందా?"

గుర్తుందంది కూతురు. చెయ్యి ఒరుసుకోకుండా కట్టావనుకున్నానంది.

మేస్త్రమ్మ వంగి ముడులు విప్పింది. బిగుసుకుపోయిన ముడులు, వెంటనే రాలేదు. తువ్వాలు తీసేసరికి కింద కడ్డీ పొడవునా రంగు లేదు. పైన నీలం పెచ్చులు లేచి, దాని కింద మొదటి పూత ప్రైమరు కనపడి, దాని కింద ఇనుము తేలి ఉంది. రంగు గురించి తెలియనివాళ్లకి అది పాత కడ్డీ. కూతురు తెలిసిన మనిషి. ఒరుసుకుంటే రంగు అలా పోదని, దెబ్బ మీద దెబ్బ పడితేనే పొరపొరగా అలా లేస్తుందని దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వేళ్లతో కడ్డీని తడిమింది. వెంట తెచ్చుకున్న మూటలోంచి వాచీ తీసి తిప్పి చూసింది. దాని అంచు సందులో, పట్టీ పక్కన, నీలం రంగు పొడి ఇంకా ఇరుక్కునే ఉంది.

"పొద్దున కళ్లు తెరవగానే వాచీ అడిగేవారు," అంది మేస్త్రమ్మ. మంచం వైపు చూస్తూ, ఎవరికో అప్పజెబుతున్నట్టు చెప్పింది. "కట్టేదాకా ఊరుకునేవారు కాదు. కట్టాక చూసుకుని, షెడ్డుకి వేళైంది తలుపు తియ్యి అనేవారు. నేనెవరో తెలిసేది కాదు. ఎవరో ఆడమనిషి పనికి పోనివ్వకుండా గదిలో పెట్టి తాళం వేసిందనుకునేవారు. ఈ కడ్డీని ఆ చేత్తోనే కొట్టేవారు. విప్పబోతే దొంగా అని అరిచేవారు. మళ్లీ కాసేపటికి అలసిపోయి, వాచీ మూల తడుముకుంటూ పడుకునేవారు."

కొడుకు గుమ్మంలో చతికిలపడ్డాడు. ఆ చప్పుళ్లు అమ్మా, అని మాత్రం అనగలిగాడు. వాడి భార్య వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసింది.

"నేను వచ్చినప్పుడు అలా ఉండేవాడు కాదే," అంది కూతురు. "దిండ్లు ఆనుకుని కూర్చునేవాడు. తల దువ్వుకుని, గడ్డం గీసుకుని..."

"నేను గీసేదాన్ని. నువ్వు వచ్చే వేళకి మెత్తబడేలా మందు చూసుకుని ఇచ్చేదాన్ని. నీ గొంతు వింటే నవ్వేవారు. అది మాత్రం నిజం. ఆ నవ్వు నేను చేసింది కాదు."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. ఎడమ కనుబొమ్మ మీద, వెంట్రుకలు మొలవని చిన్న చార. అది పడ్డ వారం తనకి గుర్తుంది. బీరువా తలుపు తగిలిందని తల్లి చెబితే, ఈ వయసులో చూసుకుని నడవక్కర్లేదా, రేపు నువ్వూ మంచాన పడితే ఎవరు చేస్తారని గట్టిగానే కేకలేసింది. తల్లి కిమ్మనకుండా పడింది.

"అమ్మా. ఆ కనుబొమ్మ..."

"ఆయన కొట్టలేదు." మేస్త్రమ్మ గొంతు మొదటిసారి లేచింది. "అలా అనుకోకు. చెయ్యి విసిరారు, నేను అడ్డం వచ్చాను. నాకు తగిలి, గోడకి తగిలింది. ఆ మూల పక్కన లోతుగా ఒక గీతుంది చూడు, అదే అది. ఎన్నడూ నా మీద చెయ్యెత్తిన మనిషి కాదు. రక్తం చూసి ఆయనే ఏడ్చారు. ఎవరు నిన్ను కొట్టింది, నాకు చెప్పు, వాణ్ని ఊరికే వదలనన్నారు."

ఇక ఆవిడ వల్ల కాలేదు. మంచం పట్టె మీద కూలబడి, ఏడాదిగా ఆపుకున్నదంతా ఏడ్చింది. కూతురు కింద కూర్చుని తల్లి మోకాళ్ల మీద తల పెట్టేసింది.

"నాకెందుకు చెప్పలేదు? ఇంత దూరంలోనే ఉన్నాను కదమ్మా. నేనూ వచ్చి పట్టుకునేదాన్ని కదా."

"వచ్చి ఏం చూస్తావు? బుల్లి మేస్త్రి అని పిలిచిన మనిషి, నువ్వెవరని అడిగితే నువ్వు తట్టుకుంటావా? నాకు ఎటూ తప్పదు. నీకు ఆ ఆదివారాలైనా మిగలాలనుకున్నాను." మేస్త్రమ్మ దాని జుట్టు నిమిరింది. "ఆ గీతలు మీ నాన్నవి కావే. ఆ జబ్బువి. వాటిని దీపం పెట్టి చూపిస్తూ కింద కష్టం అని రాస్తే, అటు చూసినప్పుడల్లా నాకు ఈ కడ్డీ చప్పుడు వినపడుతుంది. మర్చిపోదామని కాదు. ఆయన్ని గుర్తు పెట్టుకోవాలంటే ముందు ఆ చప్పుడు పోవాలి నాకు."

కూతురికి అప్పుడు తెలిసింది తను ఏం చేయబోయిందో. తల్లి నెలల తరబడి పడ్డ బాధని, తెలియక, అందంగా ఉందని అద్దంలో పెట్టి నలుగురిని పిలవబోయింది. ఆ గీతల్ని అంతగా ప్రేమించగలగడానికి కారణం, అవి పడుతున్నప్పుడు తను అక్కడ లేకపోవడమే. సిగ్గుతో మొహం ఎత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే కూతురు తమ్ముడి కంటే ముందు షెడ్డుకి చేరింది. ఇత్తడి పలక తనే స్క్రూలు తిప్పి ఊడదీసింది. అద్దాలపెట్టె ఖాళీగా ఉంటే బాగుండదని తమ్ముడు దిగులుపడ్డాడు. నాన్న పేపరు చుట్టి పట్టుకుని రుద్దిన చెక్కముక్క పెడదామన్నాడు. ఆయన వేళ్లు పట్టిన చోట పల్లాలు పడి, ఇప్పటికీ పనివాళ్లు వాడుతున్న చెక్క అది. మరి పనివాళ్లు దేంతో రుద్దాలని కోడలు అడిగింది. చివరికి ఆ పెట్టెలో చిన్న కొక్కేలు బిగించి, బాగుకొచ్చిన కార్ల తాళాలు తగిలించారు. వాటికి అంత మంచి దీపం అక్కర్లేదు గానీ, తాళాలు మాత్రం ఇక ఎక్కడా పోవు.

మేస్త్రమ్మ మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు ఇంకా బిగువుగానే ఉందా అత్తయ్యా అని కోడలు అడిగితే, నీకన్నీ గుర్తే అని కసిరి, నవ్వేసింది. ఇంట్లోవాళ్లు ఆ నవ్వు విని చాలాకాలమైంది.

వాచీ కొట్టులోనే ఇద్దామక్కా, వాళ్లకి మిషన్లున్నాయి అన్నాడు తమ్ముడు. కూతురు తల్లి వంక చూసింది. "నాన్న దేంతో తీశాడమ్మా?"

"చేత్తో."

అది పీట లాక్కుని, బకెట్టు దగ్గర కూర్చుంది. కారు అద్దాలకి అంటించే టేపు వాచీ అద్దం మీద అంటించింది. అన్నిటికంటే సన్నటి వాటర్ పేపరు తడిపి, ఒకే వైపుకి, గుండ్రంగా తిప్పకుండా, చిన్నప్పుడు తండ్రి చెప్పినట్టే రుద్దడం మొదలుపెట్టింది. మధ్యమధ్యలో ఆపి, కళ్లు మూసుకుని బొటనవేలితో చూసుకుంది. కంటికి కనపడనిది వేలికి దొరుకుతుందని చెప్పింది కూడా ఆయనే. పైపై గీతలు ఒక్కొక్కటే పోతున్నాయి. నీలం పొడి నీళ్లలో కలిసిపోయింది. మెరుగు ముద్ద పూసి గుడ్డతో రుద్దేసరికి, ఆదివారం పూట మేస్త్రి చేతి మీద ఉండే వాచీ మళ్లీ వచ్చింది. మేస్త్రమ్మ కుర్చీలో ముందుకి వంగి చూస్తోంది. కళ్లలో నీళ్లున్నాయి గానీ తుడుచుకోవడం లేదు.

ఒక్క గీత మిగిలింది. మూల పక్కన, లోతుది.

నిన్నటిదాకా ఒక్క గీత చెరిపితే ఊరుకోనన్న మనిషి, ఈ ఒక్కదాన్ని ఉంచితే ఊరుకోనన్నట్టు మీద పడింది. గరుకు పేపరు తీసుకుంది. గట్టిగా రుద్దింది. తల్లి కనుబొమ్మ కళ్లముందు ఆడుతుంటే ఇంకా గట్టిగా రుద్దింది. గీత పలచబడింది గానీ పోలేదు.

మేస్త్రమ్మ లేచి వచ్చి దాని మణికట్టు పట్టుకుంది.

"చాలు బుల్లి మేస్త్రీ."

"ఇది పోవాలమ్మా. మిగతావి ఉన్నా సరే, ఇది ఉండకూడదు."

"ఇంకా రుద్దితే పక్క మూల అరిగిపోతుంది." మేస్త్రమ్మ కూతురి బొటనవేలు పట్టుకుని, పట్టీ తగిలేచోట ఆ గుండ్రటి అంచు మీద పెట్టింది. "ఇదిగో, ఇది. దీన్ని తెచ్చుకున్న ఆదివారం ఎక్కడ ఆపాలో తెలియక అరగదీశారు. మీ నాన్న చెయ్యి దీని మీద ఉందంటే అది ఇక్కడే. ఆ గీత ఉంటే ఉండనీ. దాన్ని తీయబోయి దీన్ని పోగొట్టకు."

కూతురు కళ్లు మూసుకుంది. బొటనవేలి కింద ఆ మూల నున్నగా, మెత్తగా, వేలి కోసమే చేసినట్టు ఉంది. పేపరు బకెట్టులోకి జారిపోయింది. కూతురు అలాగే చాలాసేపు ఆ మూలని తడుముతూ కూర్చుంది, అచ్చు వాళ్ల నాన్నలాగే.